డెబ్బైకీ ఎనభైకీ మధ్య ఒక్క అక్షరం

ఇంటర్ బైపీసీ చదివినవాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెప్పే జవాబు ఒకటుంది: బ్యాక్టీరియాలో 70ఎస్ రైబోసోములు, మనలో, మొక్కల్లో, రొయ్యల్లో 80ఎస్. దానికి ఒక మార్కు. "రైబోసోములు ప్రోటీన్ల కర్మాగారాలు" అని రాస్తే ఇంకో మార్కు. పాఠం అక్కడితో సరి. ఆ పిల్లవాడే నాలుగేళ్లు తిరక్కుండా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంట కౌలుకు పడతాడు, లేదంటే పొదలకూరు దగ్గర వాళ్ల నాన్న నిమ్మతోట చూసుకుంటాడు, లేదంటే ఒంగోలులో మందుల షాపు పెడతాడు. ఆక్సీటెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్, అజిత్రోమైసిన్ అతని చేతుల మీదుగా పోతుంటాయి. ఈ మూడూ పనిచేసేది రైబోసోము మీదే. పరీక్షలో రాసిన జవాబుకీ చేతిలో ఉన్న పొట్లానికీ సంబంధం ఉందన్న సంగతి మాత్రం పాఠంలో ఎక్కడా ఉండదు.

నేననేది ఇది. 70, 80 అన్న అంకెలు పరిమాణం చెబుతాయి, అంతే. మందు చూసేది పరిమాణాన్ని కాదు. రైబోసోములోని ఆర్‌ఎన్‌ఏ దారంలో ఫలానా చోట ఉన్న ఒకటి రెండు అక్షరాలను, అంటే ఆ దారంలోని పూసలను. ఇది తెలియనివాడికి యాంటీబయాటిక్ అంటే "పవర్ ఉన్న మందు", ఏ జబ్బుకైనా ఒక చెయ్యి వేస్తుంది. తెలిసినవాడికి అది ఒకే ఒక్క తొర్రలో కూర్చునే చీల. ఆ తొర్ర లేని చోట దానికి పనే లేదు.

ముందు ఆ ఎస్ సంగతి. ఎస్ అంటే స్వెడ్‌బర్గ్. సెంట్రిఫ్యూజులో గిరగిరా తిప్పినప్పుడు ఒక రేణువు ఎంత వడిగా అడుక్కి దిగుతుందో చెప్పే కొలత అది. కళ్లంలో వడ్లు తూర్పారబట్టిన వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు: గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలికి పోతుంది. పడే తీరు బరువుతో పాటు ఆకారాన్ని బట్టి, గాలి రాపిడిని బట్టి ఉంటుంది. రైబోసోముకు చిన్నదీ పెద్దదీ అని రెండు ముక్కలుంటాయి. బ్యాక్టీరియాలో 30ఎస్, 50ఎస్ ముక్కలు కలిస్తే 80 కాక 70 కావడానికీ, మనలో 40, 60 కలిస్తే 100 కాక 80 కావడానికీ కారణం అదే. బరువులు కూడుకుంటాయి. రాపిడి కూడా పెరుగుతుంది కాబట్టి వేగాలు కూడుకోవు. ఏటా కొన్ని వందల మంది పిల్లలు "ఇది అచ్చుతప్పా సార్" అని అడిగే ప్రశ్న ఇది. అడిగినవాడికి "అంతే, బట్టీపట్టు" అని చెప్పడం అన్యాయం.

ఇక కట్టుబడి. ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా లెక్క తీసుకుందాం. చిన్న ముక్క 30ఎస్‌లో 1,542 అక్షరాల పొడవున్న 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ దారం, దాన్ని అంటిపెట్టుకున్న 21 ప్రోటీన్లు ఉంటాయి. పెద్ద ముక్క 50ఎస్‌లో 2,904 అక్షరాల 23ఎస్ దారం, 120 అక్షరాల 5ఎస్ దారం, 30కి పైగా ప్రోటీన్లు. మొత్తం బరువు సుమారు 25 లక్షల డాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత), అడ్డకొలత 20 నానోమీటర్ల పైచిలుకు. మన కణాల్లోనిది ఇంకా పెద్దది, 43 లక్షల డాల్టన్ల దాకా. 40ఎస్‌లో 18ఎస్ దారం. 60ఎస్‌లో 28ఎస్, 5.8ఎస్, 5ఎస్ అని మూడు దారాలు. ప్రోటీన్లు రెండింటిలో కలిపి 80. కేంద్రకాంశంలో ముక్కలుగా పోతపోసుకుని, కేంద్రకం గోడ దాటి బయటికొచ్చాకే పనిలోకి దిగుతాయి. అంతర్జీవ ద్రవ్యజాలానికి, అంటే కణం లోపలి పొరల వలకు అంటుకున్నవి వేరు జాతి, విడిగా తేలేవి వేరు జాతి అని కొన్ని గైడ్లలో ధ్వనించేలా రాస్తారు. అది తప్పు. రెండూ ఒకటే. తయారవుతున్న ప్రోటీను మొదట్లో ఉన్న సంకేతమే రైబోసోమును ఆ జాలం దగ్గరికి చేరుస్తుంది.

బ్యాక్టీరియా రైబోసోము బరువులో మూడింట రెండు వంతులు ఆర్‌ఎన్‌ఏ. ఈ ఒక్క వాక్యం దగ్గర కర్మాగారం అనే పోలిక కూలిపోతుంది. కణంలో ఏ పని చూసినా చేసేది ప్రోటీన్ ఎంజైమే అని చెప్పుకుంటూ వస్తాం. ఇక్కడ అలా కాదు. 2000లో మూడు బృందాలు రైబోసోము ముక్కల స్ఫటికాలను ఎక్స్‌రేలతో అణువు అణువునా చూశాయి. థామస్ స్టైట్జ్ బృందం మృత సముద్రపు సూక్ష్మజీవి నుంచి పెద్ద ముక్కను చూసింది. మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ బృందమూ, ఇజ్రాయెల్‌కు చెందిన అడా యోనాత్ బృందమూ వేడినీటి బ్యాక్టీరియా నుంచి చిన్న ముక్కను చూశాయి. ముగ్గురికీ కలిపి 2009 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పెద్ద ముక్కలో అమైనో ఆమ్లానికి అమైనో ఆమ్లం ముడిపడే చోటు చుట్టూ 18 ఆంగ్‌స్ట్రాముల (1.8 నానోమీటర్ల) దూరంలో ఒక్క ప్రోటీనూ కనిపించలేదు. ఉన్నదంతా ఆర్‌ఎన్‌ఏ. ప్రోటీన్లను తయారుచేసే యంత్రం గుండెకాయ ప్రోటీన్ కాదన్నమాట. ప్రోటీన్లు వెలుపలి నుంచి ఆసరా ఇచ్చే గుంజల్లాంటివి. "విత్తు ముందా చెట్టు ముందా" అన్న చిక్కులో, మొదటి ప్రోటీన్‌ను ఏ ప్రోటీన్ చేసింది అన్న ప్రశ్నకు దొరికిన గట్టి ఆధారం ఇది. దీన్ని పాఠంలో ఒక పెట్టెలో "మీకు తెలుసా?" అని పడేయడం నాకు బాధగా ఉంటుంది.

పని ఎలా చేస్తుందో చూద్దాం. ఛందస్సు చదువుకున్న తెలుగువాడికి ఇది మిగతావాళ్ల కంటే తొందరగా ఎక్కుతుంది. గురువు, లఘువు అని రెండు గుర్తులు, మూడేసి చొప్పున కడితే ఎనిమిది గణాలు. ఆర్‌ఎన్‌ఏకు నాలుగు గుర్తులు, ఏ, యూ, జీ, సీ. మూడేసి చొప్పున కడితే 64 గణాలు. ఒక్కో గణం ఒక అమైనో ఆమ్లానికో, ముగింపుకో గుర్తు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే పద్యాన్ని, అంటే జన్యువు నకలును, రైబోసోము గణవిభజన చేస్తూ చదువుతుంది. ఏయూజీ దగ్గర మొదలు. యూఏఏ, యూఏజీ, యూజీఏలలో ఏది తగిలినా ముగింపు. విభజన ఒక్క అక్షరం పక్కకి జరిగిందా, ఆ తర్వాత ఒక్క గణమూ నిలబడదు. అందుకే మొదటి అక్షరం ఎక్కడో తేల్చుకోవడానికి అంత శ్రమ: బ్యాక్టీరియాలో 16ఎస్ దారం చివర, మెసెంజర్‌లో ఏయూజీకి కొంచెం ముందున్న వరసతో జతకలుస్తుంది. మనలో చిన్న ముక్క మెసెంజర్ తల దగ్గర ఎక్కి, ఏయూజీ తగిలే దాకా వెతుక్కుంటూ పోతుంది.

రెండు ముక్కల నడుమ మూడు పీటలుంటాయి: ఏ, పీ, ఈ. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చిన ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ 'ఏ' పీట మీదికి వస్తుంది. గణం సరిపోయిందో లేదో 16ఎస్ దారంలోని 1492, 1493 స్థానాల్లో ఉన్న రెండు అడెనిన్లు ('ఏ' అక్షరాలు) బయటికి తిరిగి, ఆ జంటను వేళ్లతో తడిమినట్టు తడిమి చూస్తాయి. సరిపోతే పీ పీట మీదున్న గొలుసు మొత్తం 'ఏ' పీట మీదివాడికి బదిలీ అవుతుంది. తర్వాత అందరూ ఒక పీట జరుగుతారు. ఖాళీ చేతులవాడు 'ఈ' పీట నుంచి బయటికి పోతాడు. కొత్త గొలుసు పెద్ద ముక్కలోని సొరంగం గుండా బయటికి వస్తుంది. 30 నుంచి 40 అమైనో ఆమ్లాలు ఎప్పుడూ ఆ సొరంగంలోనే ఉంటాయి. బ్యాక్టీరియా సెకనుకు 15 నుంచి 20 కలుపుతుంది, మన కణం ఐదారు. కొన్ని వేలకు ఒక తప్పు. ఒక్కో అమైనో ఆమ్లానికి నాలుగు అధికశక్తి బంధాలు ఖర్చు. వేగంగా పెరిగే బ్యాక్టీరియా తన శక్తిలో సగానికి పైగా ఈ పనికే పోస్తుంది. శత్రువును కొట్టాలంటే ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మండె కట్టిన వడ్లు కూడా ఇదే చెబుతాయి. 24 గంటలు నానబెట్టి, గోనెసంచిలో మండె కడితే మర్నాటికి తెల్లటి మొలక కనిపిస్తుంది. ఎండిన గింజలో రైబోసోములూ, ముందే రాసిపెట్టిన మెసెంజర్లూ రెండూ నిద్రలో ఉంటాయి. నీళ్లు తగిలితే చాలు, చదవడం మొదలవుతుంది. కొత్త ఆర్‌ఎన్‌ఏ రాయకుండా అడ్డుకున్నా మొలక వేరు తొంగిచూస్తుందని, సైక్లోహెక్సిమైడ్‌తో 80ఎస్‌ను ఆపేస్తే మాత్రం గింజ కదలదని ప్రయోగాల్లో తేలింది.

ఇప్పుడు గుంట గట్టు మీదికి వద్దాం.

టెట్రాసైక్లిన్ జాతి మందులు 30ఎస్ ముక్కలో 'ఏ' పీటకు అడ్డంగా కూర్చుంటాయి. ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏకు పీట దొరకదు, గొలుసు ఆగిపోతుంది. రొయ్యల్లో విబ్రియో బ్యాక్టీరియాది 70ఎస్ కాబట్టి ప్రయోగశాల పళ్లెంలో ఈ మందు దాన్ని ఆపుతుంది. గుంటలో లెక్క వేరు. టెట్రాసైక్లిన్‌కు కాల్షియం, మెగ్నీషియం అంటే చచ్చేంత మోజు. పాలతో, ఎసిడిటీ మాత్రలతో కలిపి ఈ మాత్ర వేసుకోవద్దనేది అందుకే. సముద్రపు నీటిలో లీటరుకు మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాములకు దగ్గరగా, కాల్షియం 400 దాకా ఉంటాయి. ఉప్పునీటి గుంటలో మందు కలిపితే అది వెంటనే వాటితో జతకడుతుంది. జతకట్టిన మందు పేగు గోడను సులువుగా దాటదు. డబ్బు నీళ్లలో పోసినట్టే. రొయ్యకు చేరని ఆ మందు అడుగు మట్టిలో చేరి, అక్కడున్న బ్యాక్టీరియాకు నెలల తరబడి పాఠం నేర్పుతుంది. ఆ పాఠం పేరు టెట్‌ఎం: రైబోసోము మీదికి ఎక్కి, కూర్చున్న టెట్రాసైక్లిన్‌ను తోసేసే ఒక ప్రోటీన్. దాని జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది.

వైట్ స్పాట్ వచ్చినప్పుడు ఏదో ఒక యాంటీబయాటిక్ కొట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. వైట్ స్పాట్ వైరస్. వైరస్‌కు రైబోసోమే లేదు. అది తన మెసెంజర్‌ను రొయ్య 80ఎస్ రైబోసోముల చేత చదివిస్తుంది. చీల దిగడానికి తొర్ర ఎక్కడుంది? "రొయ్య నీరసపడ్డాక విబ్రియో కూడా పైబడుతుంది కదా, దానికన్నా పనికొస్తుంది" అనేది వాళ్ల జవాబు. విబ్రియో పైబడే మాట నిజమే. కానీ మూడు నుంచి పది రోజుల్లో గుంటను ఊడ్చేసే వైరస్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. మేత మానేసిన రొయ్యకు మేతలో కలిపిన మందు అందదు. చివరికి పట్టుబడిలో మిగిలేది కాసిన్ని రొయ్యలు, వాటిలో మందు అవశేషం.

ఆ అవశేషం విలువెంతో లెక్క కడదాం. ఆక్సీటెట్రాసైక్లిన్‌కు కిలో మాంసంలో 100 మైక్రోగ్రాముల దాకా హద్దు ఉంది. క్లోరాంఫెనికాల్‌కు అలాంటి అనుమతి హద్దే లేదు, సాగులో పూర్తి నిషేధం. యూరప్ తనిఖీలో అది కిలోకు 0.15 మైక్రోగ్రాము కనపడితే చర్య తప్పదు. ఒక్క గ్రాము మందు సమానంగా పరుచుకుంటే 6,600 టన్నులకు పైగా రొయ్యలను ఆ హద్దుకు చేర్చగలదు. ఎందుకింత కఠినం? క్లోరాంఫెనికాల్ 50ఎస్‌లో గొలుసు ముడిపడే చోట కూర్చుంటుంది. మన కణాలకు శక్తి అందించే మైటోకాండ్రియాలకు సొంత రైబోసోములున్నాయి, అవి బ్యాక్టీరియా వంశానివి. ఎముక మజ్జలో వాటి మీద కూడా ఈ మందు కూర్చుని రక్తకణాల తయారీని తగ్గిస్తుంది. మందు ఆపితే అది కుదుటపడుతుంది. దీనికి తోడు, మోతాదుతో నిమిత్తం లేకుండా బహు అరుదుగా కొందరిలో మజ్జ పూర్తిగా ఎండిపోయే జబ్బు వస్తుంది. సురక్షితమైన మోతాదు ఇదీ అని చెప్పలేనిది అందుకే.

ఈహెచ్‌పీ అనే రొయ్యల పరాన్నజీవి దగ్గర 70-80 బట్టీ పాఠం పూర్తిగా దెబ్బతింటుంది. ఇది శిలీంధ్రాలకు దగ్గరి చుట్టమైన మైక్రోస్పోరిడియా జీవి. రొయ్య కాలేయ క్లోమ గ్రంథి కణాల్లో కాపురం పెట్టి ఎదుగుదల ఆపేస్తుంది. ఒకే గుంటలో కొన్ని 40 కౌంట్ (కిలోకు 40 తూగేవి), కొన్ని 150 కౌంట్ వస్తున్నాయంటే అనుమానించాల్సినవాటిలో ఇదొకటి. మైక్రోస్పోరిడియాలకు కేంద్రకం ఉంది, వంశం మనదే. కానీ రైబోసోములు అరిగి అరిగి 70ఎస్ పరిమాణానికి వచ్చేశాయి, 5.8ఎస్ దారం విడిగా లేకుండా పెద్ద దారంలోనే కలిసిపోయింది. పుస్తకం ప్రకారం 70 అంటే బ్యాక్టీరియా. ఇక్కడ కొలత 70, వంశం 80. పైగా వీటికి జన్యువులున్న మైటోకాండ్రియా కూడా లేదు కాబట్టి బ్యాక్టీరియా వంశపు రైబోసోము పేరుకైనా దొరకదు. సీడ్‌ను (రొయ్య పిల్లలను) పీసీఆర్ అనే జన్యు పరీక్ష చేయించి వేసుకోవడం, గుంటను సరిగ్గా ఎండగట్టడం, ఇవే చేయగలిగిన పనులు. పట్టుబడి తర్వాత ఎండిన అడుగును 10 నుంచి 12 సెంటీమీటర్ల లోతు దున్ని, కాల్చిన సున్నం హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరానికి సుమారు రెండున్నర టన్నులు వేసి, సున్నం రగిలేలా తడపాలి. మట్టి పీహెచ్ 12 దాటి రెండు రోజులు నిలవాలి. రెండు బస్తాలు చల్లి "సున్నం వేశాం" అనుకుంటే బీజాలకు ఏమీ కాదు. వ్యవసాయ సున్నం, డోలమైట్ ఎంత వేసినా పీహెచ్ ఆ ఎత్తుకు పోదు.

నిమ్మతోటలో కథ ఇంకో రకం. గజ్జి తెగులు బ్యాక్టీరియాదే, రైబోసోము 70ఎస్సే, మందుకు తొర్ర ఉంది. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 10 లీటర్లకు గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ అన్నది తోటల్లో అందరి నోటా ఉన్న మాట. స్ట్రెప్టోసైక్లిన్ అంటే తొమ్మిది పాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒక పాలు టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ 16ఎస్ దారానికీ ఎస్12 అనే ప్రోటీనుకూ నడుమ కూర్చుని తడిమి చూసే వేళ్లను మొద్దుబారుస్తుంది. రైబోసోము తప్పు గణాన్ని కూడా ఒప్పేసుకుంటుంది. ప్రోటీన్లన్నీ అచ్చుతప్పులతో వచ్చి కణం చస్తుంది. "ఈసారి గజ్జి గట్టిగా ఉంది, డోసు పెంచు" అన్నప్పుడు రెండు పనులు జరుగుతాయి. ఆకులోని హరితరేణువులకూ బ్యాక్టీరియా వంశపు 70ఎస్ రైబోసోములే ఉన్నాయి. డోసు పెరిగితే వాటికీ దెబ్బ తగిలి లేతాకు పసుపెక్కుతుంది. చూసినవాళ్లు ధాతులోపం అనుకుని జింకు కొడతారు. రెండోది, ఎస్12 ప్రోటీనులో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, స్ట్రెప్టోమైసిన్ ఎంత గట్టిగా కొట్టినా పనిచేయదు. కోట్లాది బ్యాక్టీరియాలో ఆ మార్పు ఉన్న ఒకటి రెండింటిని మనమే ఏరి పెట్టి, తోటంతా వాటికి అప్పజెబుతాం. రాగి అలా కాదు, ఒకే చోట కాక చాలా చోట్ల దెబ్బ కొడుతుంది, తప్పించుకోవడం కష్టం. నా మాట అడిగితే స్ట్రెప్టోసైక్లిన్ పక్కన పెట్టి, గజ్జి పట్టిన కొమ్మలు కత్తిరించి తగలబెట్టి, పాముపొడ పురుగును అదుపులో పెట్టి, కొత్త చిగురు మీద రాగి మందు వేళకు కొట్టమంటాను. పాముపొడ తొలిచిన గీతలోంచే గజ్జి లోపలికి దిగుతుంది. పురుగును వదిలేసి డోసు పెంచడం తలుపు తీసిపెట్టి కాపలా కాసినట్టే.

మనుషుల మందుల దగ్గర తేడా ఒక్క అక్షరానికి వస్తుంది. అజిత్రోమైసిన్ 50ఎస్ సొరంగం మొదట్లో, 23ఎస్ దారంలోని 2058వ అక్షరాన్ని పట్టుకుని కూర్చుంటుంది. బ్యాక్టీరియాలో అక్కడ అడెనిన్ ఉంటుంది. మన రైబోసోములో అదే చోట గ్వానిన్ ('జీ' అక్షరం). ఆ ఒక్క అక్షరం వల్లే ఈ మాత్ర బ్యాక్టీరియాను ఆపుతుంది, మనల్ని వదిలేస్తుంది. ఇది తప్పించుకోవడానికి కొన్ని బ్యాక్టీరియాలు అక్షరాన్ని మార్చవు కూడా. ఆ అడెనిన్‌కే చిన్న మిథైల్ గుంపు తగిలిస్తాయి, అక్షరానికి దీర్ఘం ఇచ్చినట్టు. అంతటితో మందు కూర్చోలేదు. వైరస్‌తో వచ్చిన జలుబుకు మూడు మాత్రల పట్టీ చేతిలో పెట్టినప్పుడు జలుబుకేమీ కాదు. గొంతులో, పేగులో మామూలుగా బతుకుతున్న బ్యాక్టీరియాలోంచి దీర్ఘం నేర్చినవే మిగులుతాయి.

జెంటామైసిన్ జాతి ఇంజెక్షన్లకు కూడా అలాంటి అక్షరమే, 16ఎస్‌లో 1408: బ్యాక్టీరియాకు అడెనిన్, మనకు గ్వానిన్. కానీ మన మైటోకాండ్రియాలో అక్కడ అడెనినే ఉంది. పైగా కొందరికి తల్లివైపు నుంచి, మైటోకాండ్రియా 12ఎస్ దారంలో 1555వ స్థానంలో 'ఏ' బదులు 'జీ' వస్తుంది. వాళ్లకు ఒక్క కోర్సు ఇంజెక్షన్లతోనే చెవుడు రావచ్చు. తల్లివైపు చుట్టాల్లో ఇంజెక్షన్ల తర్వాత వినికిడి పోయినవాళ్లుంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పాలి. క్షయకు వాడే లినజోలిడ్‌ను నెలల తరబడి వాడాల్సి వచ్చినప్పుడు తరచూ రక్తపరీక్ష చేయించేదీ మైటోకాండ్రియా రైబోసోముల భయంతోనే.

ఇదంతా 70ను కొట్టే సంగతి. 80ను మాత్రమే కొట్టేది మన మెట్ట పొలాల గట్ల మీదే కాస్తోంది. ఆముదం గింజలో రైసిన్ ఉంటుంది. దాని రెండు గొలుసుల్లో 'ఏ' అనేది 28ఎస్ దారంలో ఒకే ఒక్క అడెనిన్‌ను ఊడబెరుకుతుంది. ఎలుక రైబోసోములో అది 4324వ స్థానం, 1987లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. దారం తెగదు, ఒక్క పూస రాలుతుంది. అయినా ఆ రైబోసోము ఇక పనికిరాదు. ఒక్క రైసిన్ అణువు నిమిషానికి వెయ్యికి పైగా రైబోసోములను ఇలా పాడుచేస్తుంది. అదే వరస ఈ.కోలై 23ఎస్‌లోనూ ఉంది, కానీ ప్రోటీన్ల అమరిక వేరు కావడంతో నిండు బ్యాక్టీరియా రైబోసోము మీద రైసిన్ ఆట సాగదు. ఆముదం చెట్టువి కూడా 80ఎస్ రైబోసోములే. అందుకని అది ఈ విషాన్ని మొదట పనిచేయని రూపంలో, రెండు గొలుసులు అతికించి తయారుచేస్తుంది. గింజలోని నిల్వ సంచుల్లోకి చేరాకే వాటిని విడగొడుతుంది.

రైసిన్ నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే ఆముదం తాగినా ఆ విషం ఎక్కదు, నూనె తీశాక మిగిలిన పిండిలో విషం ఉండిపోతుంది. నిమ్మ పాదుల్లో ఎరువుగా ఆ పిండి మంచిదే. బస్తాలు గొడ్లకు అందే చోట దించకూడదు, తెలగపిండి కొలిచిన డబ్బాతో దీన్ని కొలవకూడదు, పాదులో వేసిన వెంటనే మట్టి కప్పాలి. వేడికి రైసిన్ చెడుతుంది, కానీ పిండి అంతటికీ సమంగా వేడి తగిలిందని ఇంటి దగ్గర తేల్చుకునే దారి లేదు కాబట్టి, ఉడకబెట్టి దాణాలో కలపొచ్చన్న సలహా ఎవరు చెప్పినా వినొద్దు.